ఊరి దాకా వచ్చిన తీగ ఇంటి దాకా ఎందుకు రాలేదు?

మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా ఒక మాట వినపడుతుంది: "సిగ్నల్ ఫుల్లుగా ఉంది, నెట్ మాత్రం రావట్లే." టౌన్లో ఉన్నవాడు ఫైబర్ మీద సినిమా చూస్తుంటాడు. పది పన్నెండు కిలోమీటర్ల అవతల ఉన్న పిల్ల ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టడానికి ఫోన్ పట్టుకుని డాబా ఎక్కుతుంది. ఆఖరి రోజు పేజీ తెరుచుకోకపోతే సీటు సంగతి ఏంటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ తేడా ఎట్లా వచ్చిందన్నదే ఈ రోజు ఎపిసోడ్.

ముందు కాలువ సంగతి చెప్తా. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ, అదే లాల్ బహదూర్ కాలువ, మన ప్రాంతాన్ని మార్చేసింది. మిర్యాలగూడ చుట్టూ ఇన్ని రైస్ మిల్లులు కనపడుతున్నాయంటే ఆ నీళ్ళ వల్లే. కానీ కాలువ వచ్చిందంటే ప్రతి మడికీ నీళ్ళు వచ్చినట్టేనా? మెయిన్ కాలువ నుంచి మేజర్, మేజర్ నుంచి మైనర్, దాని నుంచి పిల్లకాలువ, అప్పుడు పొలం. పైనున్న రైతుకు నిండుగా పారుతుంది. చివరి భూముల రైతు రాత్రంతా తూము దగ్గర కాపలా కాస్తాడు. ఆయకట్టు లెక్కలో ఇద్దరి ఎకరాలూ ఉంటాయి. ఇది గుర్తు పెట్టుకోండి, ఇంటర్నెట్ కథలో మళ్ళీ మళ్ళీ పనికొస్తుంది.

ఇప్పుడు ఫోన్ల దగ్గరికి వద్దాం. 1984లో కేంద్రం సీ-డాట్ అనే సంస్థను పెట్టింది. శ్యామ్ పిట్రోడా పేరు వినే ఉంటారు. అప్పటి విదేశీ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలకు ఏసీ గది కావాలి, దుమ్ము పడకూడదు. మన పల్లెల్లో అది అయ్యే పనేనా? సీ-డాట్ వాళ్ళు ఎండకు, దుమ్ముకు తట్టుకుని, ఏసీ లేకుండా నడిచే 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజీని తయారు చేశారు. మొదటిది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. పల్లెకు పనికొచ్చే యంత్రం పల్లెను చూసి తయారు చేయాలని తెలిసినవాళ్ళ పని అది.

1994 టెలికం విధానంలో ప్రభుత్వం ఒక మాట ఇచ్చింది: 1997 కల్లా దేశంలో అన్ని ఊళ్ళకూ ఫోన్. ఊరికి ఫోన్ అంటే ఊరందరికీ కలిపి ఒక్క ఫోన్ పెట్టినా ఆ ఊరి పక్కన టిక్కు పడుతుంది. అంత తేలిక లెక్క పెట్టుకున్నా అనుకున్న టైముకు కాలేదు. దాదాపు 6 లక్షల ఊళ్ళకు గాను 3.1 లక్షల ఊళ్ళకే ఫోన్ వచ్చిందని 1999 విధానంలో వాళ్ళే రాసుకున్నారు.

తర్వాత బ్రాడ్‌బ్యాండ్. 2004లో ప్రభుత్వం 256 కేబీపీఎస్ వస్తే చాలు, అది బ్రాడ్‌బ్యాండ్ అంది. 2013లో 512 చేశారు. 2 ఎంబీపీఎస్ కావడానికి 2023 దాకా ఆగాల్సి వచ్చింది. మొదట్లో ఈ నెట్ పాత ఫోన్ రాగి తీగ మీదే వచ్చేది. రాగికి ఒక బలహీనత ఉంది, ఎక్స్ఛేంజీ నుంచి దూరం పెరిగేకొద్దీ స్పీడ్ పడిపోతుంది. ఎక్స్ఛేంజీ పక్క వీధికి బాగానే ఉంటుంది. నాలుగైదు కిలోమీటర్లు దాటిందా, కష్టమే. మళ్ళీ చివరి భూముల కథే.

దీనికి మందు ఫైబర్ అన్నారు. అది నిజమే. గాజు తీగలో వెలుగు 20 కిలోమీటర్ల దాకా మధ్యలో కరెంటు అక్కర్లేకుండా పోతుంది. ఒక తీగను స్ప్లిటర్ పెట్టి 32 ఇళ్ళకు పంచవచ్చు. 2011 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌కు ఒప్పుకుంది. సుమారు 2.5 లక్షల గ్రామ పంచాయతీలకు తీగ, ఒక్కోదానికి 100 ఎంబీపీఎస్. 2015 నుంచి దాన్నే భారత్‌నెట్ అంటున్నాం.

ఇక్కడ గీత ఎక్కడ గీశారో చూడండి. తీగ పంచాయతీ ఆఫీసు దాకా వస్తే ఆ పంచాయతీ లెక్కలో పూర్తి అయినట్టే. అక్కడి నుంచి మీ ఇంటికి ఎవరు లాగాలి? రాత్రి గాలివానకు తెగితే ఎవరు అతకాలి? ఆ బాధ్యత ఎవరి మీదా గట్టిగా పెట్టలేదు. పైగా చాలా చోట్ల తీగను ఒకే వరుసలో లాగారు, మధ్యలో జేసీబీ తవ్వి ఒక్క చోట తెంపితే కింది ఊళ్ళన్నీ బంద్. తండాల సంగతి ఇంకో రకం. 2018లో తెలంగాణలో పంచాయతీల సంఖ్య 12,700 దాటింది, అందులో చాలా తండాలు కొత్త పంచాయతీలయ్యాయి. 2011లో లెక్క వేసినప్పుడు అవన్నీ పక్క ఊరి పంచాయతీలో భాగమే.

మరి 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైంది కదా అంటారు. అయింది. మనందరి చేతుల్లో వీడియో ఆడుతోంది అంటే అందుకే. కానీ ఫోన్ మీద నాలుగు గీతలు చెప్పేది మీకూ టవర్‌కూ మధ్య సంగతి మాత్రమే. టవర్ వెనకాల ఏముంది? దానికి ఫైబర్ లేకపోతే ఇంకో టవర్ నుంచి గాలిలోనే డేటా తెచ్చుకుంటుంది. రాత్రి ఎనిమిదింటికి ఊరంతా ఒకేసారి ఫోన్ తెరిస్తే ఆ కొంచెమే అందరూ పంచుకోవాలి. తూము ఒకటే, మళ్ళు వంద.

2020లో బళ్ళు మూతపడినప్పుడు ఈ నిజం బయటపడింది. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో పాఠాలు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్ళలో టీవీ మీద చెప్పారు. ఎందుకంటే టీవీ ఇంటి దాకా వచ్చింది, నెట్ రాలేదు.

ఇంటిని లెక్క పెడితే పని ఎట్లా మారుతుందో మన జిల్లాలోనే చూశాం. ఫ్లోరైడ్ నీళ్ళతో నడుములు వంగిపోయిన నల్గొండలో, చౌటుప్పల్‌లో 2015 జూన్‌లో మిషన్ భగీరథ పైలాన్ వేశారు. దాని లక్ష్యం ఊరికి ట్యాంకు కాదు, ఇంటింటికీ నల్లా. ఆ పైపుల కందకంలోనే ఫైబర్ కోసం డక్ట్ కూడా వేస్తామన్నారు, అదే టీ-ఫైబర్. నీళ్ళు ముందు వచ్చాయి, తీగ వెనకబడింది. 2024 డిసెంబరులో సంగుపేట, మద్దూరు, అడవి శ్రీరాంపూర్‌లలో ప్రయోగంగా ఇళ్ళకు ఇవ్వడం మొదలుపెట్టారు.

ఆంధ్రప్రదేశ్ ఇంకో దారి పట్టింది. నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగారు. కోనసీమలోని మోరి గ్రామంలో 2016 డిసెంబరులోనే ఇళ్ళకు కనెక్షన్లు ఇచ్చారు. నెలకు 149 రూపాయలకు నెట్, టీవీ, ఫోన్ కలిపి పెట్టారు. ఆఖరి ముక్క లాగే పని ఊళ్ళో కేబుల్ టీవీ ఆపరేటర్లకు అప్పజెప్పారు. ఏ ఇల్లు ఏ సందులో ఉందో, ఏ స్తంభం ఎక్కాలో వాళ్ళకే కదా తెలుసు! ఆ పథకానికి తర్వాత కష్టాలు చాలా వచ్చాయి, కానీ ఈ ఒక్క ఆలోచన సరైనదని నేననుకుంటా. 2023 ఆగస్టులో కేంద్రం 1,39,579 కోట్లతో భారత్‌నెట్‌ను సవరించినప్పుడు కూడా ఇటే వచ్చింది. తీగను వరుసగా కాకుండా వలయంగా వేయాలి, ఒక చోట తెగితే ఇంకో వైపు నుంచి నడవాలి. ఇంటి కనెక్షన్ ఊళ్ళో ఉన్న మనిషే ఇచ్చి చూసుకోవాలి.

అందుకే మీ ఊరికి నెట్ వచ్చిందా అని ఎవరైనా అడిగితే, ఎన్ని ఇళ్ళకు వచ్చిందో చెప్పండి. మీ వాడలో కావాలనుకునే ఇళ్ళ లిస్టు ఒకటి రాయండి. ఒక్క ఇంటి కోసం కిలోమీటరు తీగ లాగడానికి ఏ ఆపరేటరూ ముందుకు రాడు, ఇరవై ఇళ్ళుంటే వాడే వచ్చి మాట్లాడతాడు. అదే లిస్టు గ్రామసభలో పెట్టండి. పంచాయతీ ఆఫీసులో ఆ ఫైబర్ పెట్టె వెలుగుతోందా, తాళం వేసి ఉందా అని కూడా అడగండి. ఇంటికి లైన్ వచ్చాక రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టుకోండి, కరెంటు పోయినా నడుస్తుంది.

చివరి భూముల రైతులు నీళ్ళు అడిగి తెచ్చుకున్నారు. వాళ్ళు ఎప్పుడు అడిగినా తమ ఎకరాల లెక్క చేతిలో పెట్టుకునే అడిగారు. మనకూ మన ఇళ్ళ లెక్క చేతిలో ఉండాలి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా.