డయల్ ముల్లు ఎటు తిరుగుతుందో

బాలానగర్‌లోని చిన్న హీట్ ట్రీట్‌మెంట్ షెడ్డు. లోపలికి అడుగుపెట్టగానే కాలిన నూనె వాసన, ముఖానికి సెగ. సాల్ట్ బాత్‌లో కరిగిన ఉప్పు ఎర్రగా వెలుగుతోంది. అందులో ఇనుప తీగకు నిటారుగా వేలాడుతోంది ఒక గైడ్ రాడ్. పొడవు 300 మిల్లీమీటర్లు, మందం 20. గ్రైండింగ్‌కని ఒక్కో వైపు వదిలింది 0.15 మిల్లీమీటరు మాత్రమే. వంపు అంతకు మించితే రాడ్ తుక్కులోకే.

మీటరు 800 డిగ్రీలు చూపిస్తోంది. ఈ వేడిలో ఉక్కు తన బరువుకు తానే వంగుతుంది, అందుకే పడుకోబెట్టరు. పైగా ఈ రాడ్‌కు ఒక వైపే కీవే గాడి ఉంది. భయమంతా ఆ గాడితోనే.

"అటీటు ఊపకు తమ్మీ, కిందికి మీదికి ఆడించు," అంటున్నాడు మేస్త్రి.

కుర్రాడు రాడ్‌ను ఎత్తి నూనె తొట్టిలో నిలువుగా దించాడు. భగ్గుమని మంట లేచింది, వెంటనే అణిగింది. ఇక లోపల జరిగేది మీకు కనబడదు. గాడి వల్ల ఒక వైపు ముందుగా చల్లారి కుంచించుకుంటోంది, అవతలి వైపు ఇంకా వేడిగానే ఉంది. దాదాపు 200 డిగ్రీలకు దిగేసరికి కథ తిరగబడుతుంది. వేడి ఉక్కులోని ఆస్టెనైట్, గట్టి మార్టెన్‌సైట్‌గా మారుతూ ఘనపరిమాణంలో నాలుగు శాతం దాకా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కూడా రెండు వైపులా ఒకేసారి రాదు. ముందు గట్టిపడిన వైపును, వెనకబడిన వైపు నెడుతుంది. దీనికి తోడు గాడి కొట్టినప్పుడు కట్టర్ లోహంలో వదిలిన ఒత్తిళ్లు సాల్ట్ బాత్ వేడికే సడలి, రాడ్‌ను కొంత వంచి ఉంటాయి. ఈ ఉక్కును అందరూ ఓహెచ్‌ఎన్‌ఎస్ అంటారు. ఆ పేరులో 'నాన్-ష్రింకింగ్', అంటే కుంచించుకోనిదన్న మాట ఉంది, వంగనిదన్న మాట లేదు.

రాడ్ పైకి వచ్చింది. పొగలు కక్కుతోంది. మేస్త్రి గుడ్డతో తుడిచి వీ-బ్లాకుల మీద పెట్టి, డయల్ ఆనించి మెల్లగా తిప్పాడు. ముల్లు 0.40 తిరిగింది. అందులో సగం వంపు, అంటే 0.20.

"అన్నా, పోయినట్టేనా?"

మేస్త్రి జవాబివ్వలేదు. చాక్‌పీసుతో ఎత్తు మీద గీత గీసి, చేతి ప్రెస్ కిందికి తోశాడు. ఉక్కు వేడిగా ఉండగా, మారని ఆస్టెనైట్ కొంత మిగిలి ఉండగానే ఇలా సరిచేయడం సాధ్యం. పూర్తిగా చల్లారాక ఇలాగే నొక్కితే పటుక్కున విరుగుతుంది. మీరు ఊపిరి బిగబట్టారు. ఒక నొక్కు. డయల్. ఇంకో నొక్కు, ఈసారి కొంచెం ఎక్కువ. మళ్లీ డయల్.

0.12. వంపు 0.06.

చల్లారేలోగా మళ్లీ కదలొచ్చని ఇంకోసారి తిప్పి చూశాడు. ముల్లు అక్కడే ఆగింది. గోరువెచ్చగా అవగానే, 200 డిగ్రీల టెంపరింగ్ కొలిమిలో రెండు గంటలకు పెట్టించాడు.

"కీవే కొట్టినంక 650ల ఒకసారి స్ట్రెస్ రిలీవ్ చేసి పంపమని చెప్పు మెషిన్ షాపు వాళ్లకు," అంటూ కుర్రాడి చేతికి తీగ అందించాడు. రెండో రాడ్‌కూ గాడి ఉంది.