విసర్జన కోసం ఎదురుచూసే కంకణాలు

కంకణం కట్టుకోవడమంటే మనకు ఒక పని నెరవేర్చే పూనిక. పెళ్ళిలోనైనా వ్రతంలోనైనా, తంతు ముగిశాక దాన్ని విప్పడం ఆచారం. విప్పే ఘడియ ఎప్పుడొస్తుందో తెలియని కంకణాలను వియత్నాం యుద్ధకాలంలో అమెరికన్లు లక్షల సంఖ్యలో ధరించారు.

లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో వీవా అనే విద్యార్థి సంస్థ ఉండేది. అందులోని కరోల్ బేట్స్, కే హంటర్ అనే కాలేజీ విద్యార్థినులు యుద్ధం మంచిచెడ్డల వివాదంలోకి దిగకుండా సైనికులకు ఏదైనా చేయాలనుకున్నారు. టీవీ వ్యాఖ్యాత బాబ్ డోర్నన్ వారికి ఆచూకీ తెలియని పైలట్ల భార్యలను పరిచయం చేశాడు. వియత్నాం కొండజాతి వారి నుంచి లభించిన కడియం ఒకటి అతని చేతికి ఉండేది. ఆ కడియమే వారి ఆలోచనకు మూలం. 1970 నవంబరు 11న కంకణాలు ప్రజల్లోకి వచ్చాయి. నికెల్ పూత పూసిన దాని వెల 2.50 డాలర్లు, ఆనాటి విద్యార్థి సినిమా టికెట్టు ధర అంతే. 1976లో సంస్థ మూతపడేనాటికి సుమారు 50 లక్షలు పంచారు.

కంకణం మీద ఉండేవి మూడే: హోదా, పేరు, కనిపించకుండా పోయిన తేదీ. ఉత్తర వియత్నాంకు చిక్కిన అమెరికన్లలో అత్యధికులు కూలిన విమానాల్లోని వారే కాబట్టి, ఆ పేర్లలోనూ వైమానికులే ఎక్కువ. పత్రికల్లో అంకెలుగా కనిపించేవారిలో ఒక్కొక్కరు ఒక్కో అపరిచితుని మణికట్టు మీదికి చేరారు. అతడు ఇల్లు చేరేదాకా తీయకూడదన్నది నియమం.

1973లో 591 మంది బందీలు తిరిగి వచ్చారు. వారి పేర్లు ధరించినవారు ఎందరో కంకణాలు విప్పి వారికే పంపారు. మిగిలిన పేర్ల సంగతి? ఆ నియమం చేసినవారు దీన్ని ఊహించినట్టు లేదు.

వాషింగ్టన్‌లో 1982లో నిర్మించిన వియత్నాం స్మారక కుడ్యం మీద దానికి ఒక లిపి ఉంది. మరణం ధ్రువపడిన వారి పేరు పక్కన వజ్రాకారం, ఆచూకీ లేని వారి పక్కన కూడిక గుర్తు. అస్థికలు దొరికితే కూడిక మీద వజ్రం చెక్కుతారు. ప్రాణాలతో తిరిగి వస్తే చుట్టూ వృత్తం గీయాలని నిర్ణయించారు. ఇంతవరకూ ఒక్క వృత్తమూ గీయలేదు.

మైకేల్ బ్లాసీ అనే వైమానికుడి విమానం 1972 మే 11న ఆన్ లాక్ దగ్గర కూలింది. పేరు తేలని అతని అస్థికలను 1984లో ఆర్లింగ్టన్‌లోని అజ్ఞాత సైనికుని సమాధిలో ఉంచారు. 1998లో డీఎన్‌ఏ పరీక్ష ఆ పేరును తిరిగి ఇచ్చింది. కుటుంబం అతన్ని స్వస్థలం సెయింట్ లూయిస్‌కు తీసుకుపోయింది. ఆర్లింగ్టన్‌లోని ఆ అర నాటినుంచీ ఖాళీగానే ఉంది.

ఈ స్మృతికి ఒక హద్దు కూడా ఉంది. వియత్నాం పక్షాన దేహమో పేరో దక్కనివారు లక్షల్లో ఉన్నారు. వారిని తలచే కంకణం ఏ అమెరికన్ చేతికీ ఎక్కలేదు.

అమెరికన్లలో ఆచూకీ తేలనివారు నేటికీ 1,500 మందికి పైగానే. ఏ పేరైనా తేలి అంత్యక్రియలు జరిగినప్పుడు, అతన్నెన్నడూ చూడని వారు కంకణాన్ని ఆ కుటుంబానికి అప్పగించిన సందర్భాలున్నాయి. విసర్జన అంటే అదే అనుకుంటాను. కట్టుకున్న చెయ్యి ముడతలు పడ్డా, మాట ముడతపడలేదు.