ఇద్దరు ఇల్లాండ్రు, రెండు లేఖలు: తొలినాటి కథానికలో సంప్రదాయం, సంఘర్షణ

ఆధునిక భారతీయ కథానిక తొలి దశలో, నాలుగేళ్ల వ్యవధిలో, ఇద్దరు ఇల్లాండ్రు తమ భర్తలకు లేఖలు రాశారు. మొదటిది 1910లో 'ఆంధ్రభారతి' పత్రికలో వెలువడిన గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు'లో కమలిని రాసినది. రెండవది 1914లో కలకత్తా నుండి వెలువడుతుండిన 'సబుజ్ పత్ర'లో అచ్చయిన రవీంద్రనాథ ఠాకూర్ కథ 'స్త్రీర్ పత్ర'లో మృణాల్ రాసినది. సంప్రదాయానికీ వ్యక్తికీ మధ్య తలెత్తిన సంఘర్షణ ఆనాటి కథకులకు ఏ రూపంలో గోచరించిందో తెలుసుకోవడానికి ఈ రెండు లేఖలను పక్కపక్కన ఉంచి చదవడం ఎంతైనా ఉపకరిస్తుంది.

విజయనగరానికీ కలకత్తాకూ నడుమ సాహిత్య బాంధవ్యం అంతకు ముందే ఏర్పడింది. యువకుడైన గురజాడ ఇంగ్లీషులో రచించిన 'సారంగధర' కావ్యం 1883లో వెలుగు చూసినప్పుడు, కలకత్తా వారపత్రిక 'రేయిస్ అండ్ రయ్యత్' సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ దానిని మెచ్చుకొని తన పత్రికలో పునర్ముద్రించారు. పరభాషలో ఎంత ప్రతిభ చూపినా మాతృభాషలో రచించడమే శ్రేయస్కరమని ఆయన ఇచ్చిన సలహా గురజాడ సాహిత్య జీవితంలో ఒక మలుపుగా విమర్శకులు గుర్తించారు. ఆంగ్ల పత్రిక నడిపిన వంగీయుడు ఒక తెలుగు కవిని తెలుగు వైపు మళ్లించడం చరిత్రలోని చమత్కారం.

'దిద్దుబాటు' కథావస్తువు చిన్నది. చదువుకున్న యువకుడు గోపాలరావు వేశ్య పాటకచేరీ నుండి అర్ధరాత్రి ఇల్లు చేరేసరికి భార్య కనిపించదు. పుట్టింటికి వెళ్లిపోతున్నానన్న ఉత్తరం మాత్రం కనిపిస్తుంది. అతడు పశ్చాత్తాపపడి, నౌకరు రాముడి ఎదుట తన తప్పు ఒప్పుకున్నాక, మంచం కింద నుండి నవ్వు, గాజుల గలగల వినిపిస్తాయి. ఇక్కడ దోషి పాతకాలపు ఛాందసుడు కాడు. కొత్త చదువు చదివిన విద్యావంతుడు. ఇంటి మర్యాదను నిలబెట్టినది అక్షరం నేర్చిన భార్య. సంప్రదాయం ఎవరి పక్షాన ఉన్నదన్న ప్రశ్నకు గురజాడ సులభమైన సమాధానం ఇవ్వలేదు.

మృణాల్ లేఖలో నవ్వుకు చోటు లేదు. కలకత్తాలోని ఒక ఉమ్మడి కుటుంబానికి రెండవ కోడలుగా వచ్చి పదిహేనేళ్లు గడిపిన ఆమె, పూరీ క్షేత్రం నుండి భర్తకు మొట్టమొదటి ఉత్తరం రాస్తుంది. తోడికోడలి చెల్లెలు బిందు అనాథగా ఆ ఇంట చేరడం, ఆమెను వదిలించుకోవడానికి ఒక పిచ్చివానికిచ్చి పెళ్లి చేయడం, చివరకు ఆమె ఒంటికి నిప్పంటించుకొని మరణించడం మృణాల్ కళ్లెదుట జరిగిన ఘోరం. ఇక ఆ ఇంటికి తిరిగి రానని ఆమె తెలియజేస్తుంది. కమలిని మంచం కింద దాగినది. మృణాల్ గడప దాటినది. ఒకామెకు భర్తను దిద్దుకోగలనన్న నమ్మకం ఉంది. రెండవ ఆమెకు ఆ ఇంటి కట్టుబాట్లు దిద్దుబాటుకు లొంగవని తేలిపోయింది.

ఈ కథ వంగదేశంలో కలకలం రేపింది. బిపిన్ చంద్ర పాల్ దీనికి ప్రతిగా మృణాల్ పేరిట వేరొక కథ రచించారు. 1907లో ఆంధ్రదేశమంతటా పర్యటించి వందేమాతరోద్యమానికి ఊపిరి పోసిన పాల్ ఆయనే. దేశ స్వాతంత్ర్యానికి నిప్పులు కురిపించిన వక్తకు ఇల్లాలి స్వాతంత్ర్యం మింగుడుపడలేదు. జాతీయోద్యమంలో కుటుంబం పవిత్రమైన కోటగా భావింపబడిన రోజులవి. ఆ కోటలోని చీకటి గదిని ఠాకూర్ తెరిచి చూపారు.

ఇట్టి సంఘర్షణ మన దేశానికే పరిమితం కాదు. అమెరికన్ రచయిత్రి మేరీ విల్కిన్స్ ఫ్రీమన్ 1890లో ప్రకటించిన 'ది రివోల్ట్ ఆఫ్ మదర్' కథలో, నలభై ఏళ్లుగా కొత్త ఇల్లు కట్టిస్తానని మాట ఇస్తూ పశువులకు కొత్త కొట్టం కట్టించిన భర్త ఊరికి వెళ్లగానే, భార్య సామాను సర్దుకొని పిల్లలతో ఆ కొట్టంలోనే కాపురం పెడుతుంది. తిరిగివచ్చిన భర్త కంటతడి పెట్టి లొంగిపోతాడు. ఇది కమలినికి సోదరి వంటి కథ. కేట్ ఛోపిన్ 1894లో ప్రకటించిన 'ది స్టోరీ ఆఫ్ ఆన్ అవర్'లో మాత్రం, భర్త మరణించాడన్న వార్త విని మొదటిసారి స్వేచ్ఛను ఊహించుకున్న ఇల్లాలు, అతడు సజీవంగా తిరిగి రాగానే కుప్పకూలి మరణిస్తుంది. ఈ కథ మృణాల్‌కు చేరువైనది. సముద్రాల అవతలా, ఇవతలా, కథానికకు సంప్రదాయంతో పోరాడే రణరంగం ఇల్లే అయినది.

ఈ సంఘర్షణకు భాషతోనూ సంబంధం ఉన్నది. 'స్త్రీర్ పత్ర' ఠాకూర్ వ్యావహారిక వంగభాషలో రచించిన తొలి కథ. అదే 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రంలో వాడుకభాష పక్షాన వాదించారు. మృణాల్ తన బాధను గ్రాంథిక సమాసాలలో చెప్పజాలదు. నౌకరు రాముడు వ్యాకరణ సూత్రాల ప్రకారం మాట్లాడజాలడు. మనిషి తన గొంతుతో మాట్లాడడానికి భాషలోని సంప్రదాయం సడలవలసి వచ్చింది.

అయితే కమలిని, మృణాల్ లేఖలు రెండింటినీ రాసినది పురుష రచయితలే. వారికి ముందే, 1902లో, భండారు అచ్చమాంబగారు 'ధనత్రయోదశి' కథలో పేదరికం వల్ల తప్పుదారి పట్టిన భర్తను సరిదిద్దే ఇల్లాలిని చిత్రించారు. ఆ కథలో భార్య ఆయుధం సంప్రదాయం బోధించిన నీతియే. అచ్చమాంబ నుండి గురజాడకు, గురజాడ నుండి ఠాకూర్‌కు వచ్చేసరికి నీతిబోధ చమత్కారంగా, చమత్కారం నిరాకరణగా పరిణమించింది. సంప్రదాయాన్ని లోపలి నుండి సరిదిద్దాలా, దాని గడప దాటి బయటికి నడవాలా అన్న వివాదం పన్నెండేళ్ల వ్యవధిలో మూడు కథలలో మూడు విధాలుగా సాగింది. బిందు వంటి వారికి చోటు లేని ఇల్లు ఉన్నంతకాలం మృణాల్ లేఖకు జవాబు రాయవలసిన బాధ్యత పాఠకులమైన మన మీదనే ఉంటుంది.