వాటర్ స్కీయింగ్ సంఘాలు

వాటర్ స్కీయింగ్ అనగా మోటారు పడవ వేగంగా లాగుతుండగా, తాడు చివరనున్న పిడిని పట్టుకొని, కాళ్ళకు బిగించుకొన్న పలకలపై నీటిమీద జారుతూ సాగే క్రీడ. ఒకే వెడల్పాటి పలకపై అడ్డంగా నిలబడి చేసే వేక్‌బోర్డింగ్, పలకలు లేకుండా వట్టి పాదాలతో చేసే బేర్‌ఫుట్ స్కీయింగ్ కూడా ఈ కోవకు చెందినవే. ఈ క్రీడలను నడిపే సంఘాలు ఎలా ఏర్పడ్డాయి, వాటికి ధనం ఎక్కడినుండి వచ్చింది అన్నది ఈ వ్యాస విషయం. ఈ క్రీడకు ఒలింపిక్ పతకాల పట్టికలో ఏనాడూ చోటు దక్కలేదు. అందువలన దీని సంఘాలు ప్రభుత్వ ధనంకంటే సభ్యుల చందాలు, ప్రదర్శనల టికెట్లు, పడవల కంపెనీల సహాయం మీదనే ఎక్కువగా బ్రతికాయి. భారతదేశంలోని పరిస్థితి, అందులో భాగంగా శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల జలవనరుల సంగతి వ్యాసం చివర ఇవ్వబడింది.

పుట్టుక

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో పెపిన్ సరస్సు ఒడ్డున లేక్ సిటీ అనే చిన్న ఊరు ఉంది. ఆ ఊరి యువకుడు, 18 ఏళ్ళ రాల్ఫ్ శామ్యూల్‌సన్, మంచుమీద జారగలిగినప్పుడు నీటిమీద ఎందుకు జారకూడదు అనుకొని 1922 వేసవిలో ప్రయత్నాలు మొదలుపెట్టాడు. ముందు పీపా చెక్కలు, తరువాత మంచు స్కీలు వాడి చూశాడు. రెండూ పనికిరాలేదు. చివరకు రెండు పైన్ చెక్కపలకలు తెచ్చి, వాటి కొనలను మరిగే నీటిలో ఉంచి పైకి వంచి, సోదరుడు బెన్ నడుపుతున్న పడవకు తాడు కట్టి, జూలై 2న నీటిపై నిలబడగలిగాడు. పలకల కొనలను నీటికి పైన ఉంచి శరీరాన్ని వెనక్కు వాల్చడమే ఆయన కనిపెట్టిన కిటుకు. నేటికీ కొత్తగా నేర్చుకొనేవారికి మొట్టమొదట చెప్పే పాఠం అదే.

శామ్యూల్‌సన్ ఊరూరా ప్రదర్శనలిచ్చాడు గాని తన పరికరానికి పేటెంటు తీసుకోలేదు. 1925లో ఆ పేటెంటు న్యూయార్కుకు చెందిన ఫ్రెడ్ వాలర్‌కు దక్కింది. (సినెరామా అనే వెడల్పు తెర సినిమా విధానాన్ని తరువాతి కాలంలో రూపొందించిన వాలర్ ఈయనే.) శామ్యూల్‌సన్‌ను ఈ క్రీడకు ఆద్యుడిగా అమెరికా సంఘం గుర్తించింది 1966లో మాత్రమే. అప్పటికి నలభై ఏళ్ళు దాటిపోయాయి. ఒక క్రీడకు రికార్డులు భద్రపరచే సంస్థ లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఈ ఉదంతం చాలు.

అమెరికా సంఘం

అమెరికన్ వాటర్ స్కీ అసోసియేషన్‌ను 1939లో డాన్ హెయిన్స్ స్థాపించాడు. అదే సంవత్సరం న్యూయార్క్ రాష్ట్రంలోని జోన్స్ బీచ్‌లో మొదటి జాతీయ పోటీలు జరిగాయి. అయితే ఈ క్రీడకు జనాదరణ తెచ్చినది సంఘం కాదు, ఒక వినోద ఉద్యానం. ఫ్లోరిడాలోని వింటర్ హేవెన్ వద్ద డిక్ పోప్ దంపతులు 1936లో సైప్రెస్ గార్డెన్స్ అనే పూలతోటను ప్రారంభించారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1943లో, పత్రికలో వచ్చిన స్కీయింగ్ ఛాయాచిత్రం చూసిన కొందరు సైనికులు తోటకు వచ్చి ప్రదర్శన ఎన్ని గంటలకని అడిగారు. నిజానికి అక్కడ ప్రదర్శన ఏదీ లేదు. ఉద్యానాన్ని చూసుకొంటున్న జూలీ పోప్ తమ పిల్లలను, వారి స్నేహితులను కూడగట్టి అప్పటికప్పుడు ఒక ప్రదర్శన చేయించింది. అలా మొదలైన ఆటలు దశాబ్దాల పాటు సాగాయి. 1950లో రెండవ ప్రపంచ పోటీలు ఈ తోటలోనే జరిగాయి. అనగా ఆరంభ దశలో ఈ క్రీడను పోషించినది ప్రేక్షకుల టికెట్టు. తోట 2009లో శాశ్వతంగా మూతపడి, 2011లో ఆ స్థలంలో లెగోలాండ్ వెలసింది.

ప్రపంచ సమాఖ్య

ప్రపంచ స్థాయి సమాఖ్య 1946లో స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో ఏర్పడింది. నేడు దీనిని అంతర్జాతీయ వాటర్‌స్కీ, వేక్‌బోర్డ్ సమాఖ్య అంటారు. మొదటి ప్రపంచ పోటీలు 1949లో ఫ్రాన్స్‌లోని జువాన్ లే పిన్స్‌లో జరిగాయి. సమాఖ్య క్రింద మూడు ప్రాంతీయ సమాఖ్యలు పనిచేస్తాయి. అవి పాన్ అమెరికన్, యూరప్-ఆఫ్రికా, ఆసియా-ఓషియానియా. భారతదేశం మూడవదాని పరిధిలోకి వస్తుంది.

పోటీలలో స్లాలం, ట్రిక్స్, జంప్ అని మూడు ప్రధాన అంశాలు. స్లాలంలో 259 మీటర్ల పొడవైన మార్గంలో ఆరు బోయాలను చుట్టి రావాలి. పురుషులకు పడవ గరిష్ఠ వేగం గంటకు 58 కిలోమీటర్లు, స్త్రీలకు 55. ఆ వేగం వద్ద బోయాలన్నీ చుట్టినవారికి 18.25 మీటర్ల తాడును అంచెలంచెలుగా తగ్గిస్తారు. బోయాలు పడవ దారికి 11.5 మీటర్ల దూరంలో ఉంటాయి. తాడు అంతకంటే పొట్టిదైనప్పుడు తాడు పొడవు చాలదు. శరీరాన్ని పూర్తిగా చాచి బోయాను దాటవలసిందే. ఈ కొలతలు ప్రపంచమంతటా ఒకటిగా ఉండేటట్లు చూడటం, పడవ చోదకులకు, న్యాయనిర్ణేతలకు శిక్షణనిచ్చి ధ్రువపత్రాలివ్వడం సంఘాల ముఖ్యమైన పని. ఖర్చు కూడా అక్కడే ఎక్కువ.

ఒలింపిక్ ప్రయత్నాలు

1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో వాటర్ స్కీయింగ్ ప్రదర్శన క్రీడగా జరిగింది. అంతకు మించి ముందుకు సాగలేదు. 1981లో మొదలైన ప్రపంచ క్రీడలలోనూ, 1995 నుండి పాన్ అమెరికన్ క్రీడలలోనూ దీనికి స్థానం దొరికింది. 2011లో 2020 ఒలింపిక్స్ కోసం పరిశీలించిన ఎనిమిది క్రీడల జాబితాలో వేక్‌బోర్డింగ్ చేరింది. పడవకు బదులు, స్తంభాల మీదుగా విద్యుత్ మోటారుతో తిరిగే తీగ క్రీడాకారులను లాగే పద్ధతినే అందుకు ప్రతిపాదించారు. ఈ తీగ పద్ధతిని 1960ల్లో జర్మనీ ఇంజనీరు బ్రూనో రిక్సెన్ అభివృద్ధి చేశాడు. ఇందులో ఒకే మోటారు ఒకేసారి పలువురిని లాగగలదు, పెట్రోలు ఖర్చు లేదు. 2013లో జాబితాను మూడు క్రీడలకు కుదించినప్పుడు వేక్‌బోర్డింగ్ తొలగిపోయింది.

నిధులు

చాలా దేశాలలో ప్రభుత్వ క్రీడానిధులు ఒలింపిక్ పతకాల లెక్కతో ముడిపడి ఉంటాయి. బ్రిటన్‌లో 1994లో మొదలైన జాతీయ లాటరీ ఆదాయంలో కొంత భాగం క్రీడలకు వెళుతుంది. అందులో పతకాల కోసం ఇచ్చే సొమ్ము వేరు, జనసామాన్యంలో క్రీడను పెంచడానికి ఇచ్చే సొమ్ము వేరు. వాటర్ స్కీయింగ్ వంటి క్రీడలకు రెండవదే దిక్కు. అక్కడి క్లబ్బులు చాలావరకు కంకర తవ్వి వదిలేసిన గోతులలో నిలిచిన నీటినే క్రీడాస్థలంగా మార్చుకొన్నాయి.

మిగిలిన ఆదాయ మార్గాలు ఏ దేశంలోనైనా ఇంచుమించు ఒకటే. సభ్యత్వ రుసుము (చాలాచోట్ల ప్రమాద బీమా ఇందులోనే కలిసి ఉంటుంది), పోటీల అనుమతి రుసుము, శిక్షణ తరగతుల రుసుము మొదలైనవి. అమెరికాలో పడవల తయారీదారులు పోటీలకు తమ పడవలను సమకూరుస్తారు. ఏ పడవ పోటీకి తగినదో పరీక్షించి ఆమోదించేది సంఘమే. అందుచేత కంపెనీకి సంఘం ఆమోదం కావాలి, సంఘానికి కంపెనీ పడవ కావాలి. ఈ పరస్పర అవసరం మీదనే అక్కడి పోటీలు నడుస్తున్నాయని చెప్పవచ్చు. కబడ్డీకి గీత గీస్తే చాలు. ఇక్కడ ఒక్క ఆటగాడు సాధన చేయాలంటే పడవ, ఇంధనం, చోదకుడు, వెనుకకు తిరిగి ఆటగాడిని గమనించే మరొక మనిషి కావాలి.

భారతదేశంలో

రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితా 33వ అంశంలో నాటకశాలలు, సినిమాలు, క్రీడలు, వినోదాలు అన్నీ ఒకేచోట ఉన్నాయి. క్రీడ రాష్ట్రాల విషయమే అయినా, ధనసహాయం కోరే జాతీయ సమాఖ్యకు కేంద్ర క్రీడల మంత్రిత్వశాఖ గుర్తింపు కావాలి. 2011 నాటి జాతీయ క్రీడాభివృద్ధి నియమావళి తరువాత 2025లో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టం చేసింది. జాతీయ సమాఖ్యకు రాష్ట్రాలలోనూ, రాష్ట్ర సంఘానికి జిల్లాలలోనూ శాఖలుండాలి కాబట్టి పునాది జిల్లా సంఘమే. ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటి సంఘం 2001 నాటి సంఘాల నమోదు చట్టం క్రింద నమోదు కావచ్చు.

పడవలాగు క్రీడలకు దేశంలో పేరున్న చోటు కాశ్మీరు. 2025 ఆగస్టులో శ్రీనగర్ దాల్ సరస్సులో జరిగిన మొదటి ఖేలో ఇండియా జలక్రీడోత్సవంలో రోయింగ్, కయాకింగ్, కనోయింగ్‌లకు పతకాలివ్వగా వాటర్ స్కీయింగ్‌ను ప్రదర్శనగా చేర్చారు. మ్యూనిక్‌లో దక్కిన హోదాయే ఇక్కడా దక్కింది. జలక్రీడల నిర్వాహకులకు శిక్షణనిచ్చే జాతీయ జలక్రీడల సంస్థ గోవాలో 1990లో ఏర్పడింది. ఇది క్రీడల మంత్రిత్వశాఖది కాదు, పర్యాటక మంత్రిత్వశాఖది. దీనివలన ఒక తేడా వచ్చింది. పర్యాటకంలో ధనం ఒక్కసారి ఎక్కి దిగే యాత్రికుని టికెట్టు నుండి వస్తుంది. ఏళ్ళ తరబడి సాధన చేసే పిల్లవాని ఇంధనం ఖర్చు ఆ లెక్కలో ఎక్కడా కనబడదు.

ఆంధ్రప్రదేశ్, ఉత్తరాంధ్ర

ఆంధ్రప్రదేశ్‌లో పడవ లాగే ఆటలు జనానికి తెలిసినది విశాఖపట్నం ఋషికొండ వంటి తీరాలలో పారాసెయిలింగ్ రూపంలో. 2017 నవంబరు 12న కృష్ణానదిలో ఇబ్రహీంపట్నం వద్ద, 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటక పడవలు మునిగి పలువురు మరణించిన తరువాత బోటింగ్‌పై నిఘా పెరిగింది. 2020లో తొమ్మిది చోట్ల నియంత్రణ గదులు ఏర్పడ్డాయి.

ఉత్తరాంధ్రలో నీటికి కొరత లేదు గాని ఈ క్రీడకు కావలసినది అలలు లేని, లోతు తగినంత ఉన్న నీరు. భావనపాడు, కళింగపట్నం, బారువ తీరాలలో తెప్పమీద అలలను దాటే మత్స్యకారుల నేర్పు సాటిలేనిది. కానీ స్లాలం మార్గం వేయడానికి అక్కడి సముద్రం అనుకూలించదు. కోటబొమ్మాళి మండలంలోని చెరువులు వంశధార ఎడమ కాలువ మీద, వానల మీద ఆధారపడినవి. వేసవిలో నీరు అడుగంటుతుంది, తడికాలంలో ఉన్న నీరు వరిచేలకు కావాలి. విజయనగరం జిల్లా తాటిపూడి జలాశయంలో విశాలమైన నిశ్చల జలం ఉన్నా అది విశాఖ నగరానికి తాగునీటి వనరు. పెట్రోలు ఇంజన్లు అక్కడ తగవు. ఇటువంటి చోట విద్యుత్ తీగ పద్ధతి ఒక్కటే ఆలోచించదగినది. బ్రిటన్ పద్ధతిలో గోతుల నీటిని వాడవచ్చునా అంటే, టెక్కలి పరిసరాల గ్రానైటు క్వారీలలో నిలిచే నీరు కంకర గోతుల నీటి వంటిది కాదు. నిట్టనిలువు రాతి గోడల మధ్య, దిగడానికి ఒడ్డు లేని లోతు అది. ఈతకు దిగడం కూడా ప్రమాదకరం.