లాజరో ఫెలీచే (సినిమా)

లాజరో ఫెలీచే 2018లో విడుదలైన ఇటాలియన్ చలనచిత్రము. ఈ పేరుకు "సంతోషంగా ఉన్న లాజరు" అని అర్థము. ఆలిచె రోర్వాకర్ దీనిని రచించి, దర్శకత్వం వహించింది. 2018 మే నెలలో కాన్ చలనచిత్రోత్సవములో మొదటిసారి ప్రదర్శింపబడినది. ఒక అమాయక పల్లె యువకుని జీవితము ద్వారా శ్రమ దోపిడీని చూపే ఈ చిత్రము మాంత్రిక వాస్తవికత శైలికి చెందినదిగా విమర్శకులచే పరిగణింపబడుచున్నది. లాజరో అమాయకత్వము సద్గుణమా, లేక దోపిడీని నిలబెట్టే ఆసరానా అనునది ఈ చిత్రముపై జరిగిన చర్చలలో ముఖ్యమైనది.

కథాసంగ్రహం

ఇన్వియొలాతా అనే మారుమూల పల్లెలో రైతులు దొరసాని అల్ఫోన్సీనా దె లూనా పొగాకు తోటలలో పాలికాపులుగా పనిచేస్తుంటారు. ఎంత పనిచేసినా వారి అప్పు తీరదు. ఆ వ్యవస్థ ఎప్పుడో రద్దయినదని వారికి తెలియదు. ఆ రైతులలో లాజరో అందరికన్నా అమాయకుడు. ఎవరు ఏ పని చెప్పినా కాదనడు. దొరసాని రైతులను దోచుకుంటే రైతులు లాజరో చేత చాకిరీ చేయించుకుంటారు.

దొరసాని కుమారుడు తాంక్రెది లాజరోతో స్నేహము చేసి, తనను ఎవరో అపహరించినట్లు నాటకమాడుతాడు. ఆ విషయమై వచ్చిన పోలీసుల వలన మోసము బయటపడి, రైతులు పట్టణానికి తరలింపబడతారు. ఈలోగా జ్వరముతో ఉన్న లాజరో కొండ అంచు నుండి క్రింద పడిపోతాడు. ఒక తోడేలు అతనిని వాసన చూసి, ఏ హానీ చేయక వదలివేస్తుంది. అతడు లేచేసరికి ఏళ్ళు గడచిపోయి ఉంటాయి. మిగిలినవారి వయసు పెరిగినా, లాజరో వయసు మాత్రము మారలేదు.

పట్టణములో పాత రైతులు రైలుపట్టాల ప్రక్కన తలదాచుకొని, చిల్లర మోసాలతో బ్రతుకుతుంటారు. చివరకు లాజరో ఒక బ్యాంకుకు వెళ్ళి, తాంక్రెది ఆస్తిని అతనికి తిరిగి ఇమ్మని అడుగుతాడు. అతని వద్ద ఉన్న వడిసెలను ఆయుధమని భ్రమించి అక్కడి జనము అతనిని కొడతారు.

నేపథ్యం

ఇటలీలో భూస్వామికి పంటలో వాటా ఇచ్చే పాలు పద్ధతి శతాబ్దాల పాటు సాగినది. 1964 నాటి చట్టము కొత్త ఒప్పందాలను నిషేధించగా, 1982 నాటి చట్టము ఉన్న ఒప్పందాలను కౌలుగా మార్చుటకు దారి తీసినది. ఈ మార్పును రైతులకు తెలియనీయక దాచిన ఒక భూస్వామురాలి గురించిన వార్త ఈ కథకు ప్రేరణ అని దర్శకురాలు తెలిపినది.

లాజరో పాత్రను అంతకు ముందు నటనానుభవము లేని అద్రియానో తర్దియోలో పోషించాడు. దొరసానిగా నికొలెత్తా బ్రాస్కి, పట్టణములో లాజరోను గుర్తించే ఆంతోనియాగా దర్శకురాలి అక్క ఆల్బా రోర్వాకర్ నటించారు. ఛాయాగ్రాహకురాలు ఎలెన్ లువార్ ఈ చిత్రమును 16 మి.మీ. ఫిల్ముపై చిత్రీకరించినది.

విమర్శకుల స్పందన

ఈ చిత్రము కాన్‌లో ఉత్తమ స్క్రీన్‌ప్లే పురస్కారమును ఇరాన్ చిత్రము "త్రీ ఫేసెస్"తో పంచుకొన్నది. విమర్శకులు దీనిని 1978లో కాన్ అత్యున్నత బహుమతి పొందిన ఎర్మన్నో ఓల్మి చిత్రము "ద ట్రీ ఆఫ్ వుడెన్ క్లాగ్స్"తోను, పేదల కథలో అద్భుతాలను కలిపిన వితోరియో దె సికా చిత్రము "మిరకిల్ ఇన్ మిలాన్" (1951)తోను పోల్చారు.

మొదటి భాగములోని పల్లె జీవిత చిత్రణను, తర్దియోలో ముఖములోని నిర్మలత్వమును పలువురు మెచ్చుకొన్నారు. పట్టణ భాగము విషయములో అభిప్రాయభేదములు ఉన్నవి. కథ అక్కడ బిగి సడలి, ప్రతీకల మీద ఎక్కువగా ఆధారపడినదని కొందరు భావించారు. మరికొందరి దృష్టిలో చిత్రానికి ప్రాణము ఆ భాగమే. దోపిడీ పల్లెతో ముగియక రూపము మార్చుకొన్నదని అది చూపుతుంది. ఒక సన్నివేశములో పాత మేస్త్రీ కూలిపనిని వేలము వేస్తాడు. ఆ వేలములో ఎవరు తక్కువ కూలికి ఒప్పుకుంటే వారికే పని దొరుకుతుంది.

లాజరో అమాయకత్వముపై రెండు వాదనలు ఉన్నవి. బైబిలులో చనిపోయి లేచిన లాజరు పేరు, పునీతుడు, తోడేలు కథ, చర్చి నుండి గెంటివేయబడిన వారి వెంట సంగీతము బయటకు రావడము వంటి అంశాలను బట్టి అతడు పునీతుడేనని మొదటి వాదన. ఎదురు చెప్పని మంచితనము దోచుకొనేవారికే ఉపయోగపడుతుందని రెండవది. ఈ ప్రశ్న చిత్రములోనే వినబడుతుంది. తాను రైతులను వాడుకుంటే, రైతులు ఆ అమాయకుని వాడుకుంటున్నారని దొరసాని తన కుమారునితో అంటుంది. లాజరో బహుశా ఎవరినీ వాడుకోడేమో అని కుమారుడు సందేహిస్తాడు. అది అసాధ్యమని ఆమె కొట్టివేస్తుంది. చిత్రము కుమారుని వైపు మొగ్గినా, బ్యాంకు సన్నివేశము ద్వారా ఆ మంచితనానికి లోకములో చోటు లేదని కూడా చెబుతుంది.

తెలుగు చిత్రాలతో పోలిక

వెట్టిచాకిరీని భారతదేశములో 1976 నాటి చట్టము రద్దు చేసినది. మరుసటి సంవత్సరము మృణాల్ సేన్ తెలుగులో దర్శకత్వము వహించిన "ఒక ఊరి కథ" (1977) ఇదే ప్రశ్నకు భిన్నమైన సమాధానమిచ్చినది. ప్రేమ్‌చంద్ కథ "కఫన్" ఆధారముగా తీసిన ఈ చిత్రములో వెంకయ్య, అతని కుమారుడు కిష్టయ్య తమ శ్రమ దొరకే లాభమని గ్రహించి పని మానివేస్తారు. లాజరో ఏ పనీ కాదనడు, వెంకయ్య ఏ పనికీ ఒప్పుకోడు. అయినా ఇద్దరి ప్రక్కన ఉన్నవారి ఆకలి తీరదు. వెంకయ్య కోడలు వైద్యము లేక ప్రసవ సమయములో మరణిస్తుంది. ఈ చిత్రము ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారము పొందినది. శ్యామ్ బెనెగల్ "అనుగ్రహం" (1978) చిత్రములో మహిమ కలిగిన వరము అమాయకుని చేతికి వచ్చి అనర్థానికి దారి తీస్తుంది. అద్భుతము, అమాయకత్వము కలిసిన కథగా అది లాజరోకు మరింత దగ్గరగా ఉంటుంది.

చిత్రములోని పట్టణ భాగము అనంతపురం ప్రాంతపు పాఠకులకు సుపరిచితమే. బత్తలపల్లె వంటి మెట్ట గ్రామాల నుండి వానలు లేక వేరుశనగ ఎండిన ఏడాదులలో కూలీలు బెంగుళూరు వంటి నగరాలకు వలస వెళ్ళినవారే. అప్పు ఊరిలో ఉన్నా, దానిని తీర్చే పని వేరొక చోట వెదకవలసి వచ్చినది.