నేరోగేజి నమూనా వ్యాగన్: చిన్న ఇనుప సామాను వెనుక చరిత్ర

అమెరికాలోని కొలరాడో కొండల్లోకి 3 అడుగుల, అంటే 914 మిల్లీమీటర్ల, నేరోగేజి పట్టాలను తీసుకువెళ్లిన ప్రధాన సంస్థ 1870లో విలియం జాక్సన్ పామర్ స్థాపించిన డెన్వర్ అండ్ రియో గ్రాండ్ రైల్వే. పట్టాల ఎడం తగ్గితే మలుపులను ఇరుకుగా తిప్పవచ్చు, కొండను తొలిచే ఖర్చూ తగ్గుతుంది. ఆ దారిలో తిరిగిన 30 అడుగుల చెక్క గూడ్సు వ్యాగన్ 1:48 నిష్పత్తి నమూనాలో 19 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. అయినా దాని మీద అమర్చే ఇనుప సామానులో ఆనాటి ఇంజనీరింగు చరిత్రే కాక కార్మిక చరిత్ర కూడా నిలిచి ఉంటుంది.

చెక్క దూలాలు బరువుకు నడుమ కుంగుతాయి కనుక, వ్యాగన్ అడుగున ఈ చివరి నుంచి ఆ చివరికి ట్రస్ రాడ్లు అనే ఇనుప ఊచలను లాగి కట్టి, మధ్యలో టర్న్‌బకిల్ అనే మరబిగింపుతో వాటిని బిగించేవారు. పక్క నుంచి చూసినప్పుడు నమూనాకు నిజమైన బరువున్నట్టు కనిపించడానికి ఆ ఊచలే కారణం.

వ్యాగన్ గోడకు పట్టుకోవడానికి బిగించే చేతికమ్మీల కథ ఇంతకంటే బరువైనది. లింకు–పిన్ను పద్ధతిలో వ్యాగన్లను కలపడానికి బ్రేక్‌మన్ అనే రైలు కార్మికుడు రెండింటి నడుమ నిలబడి, కదిలివచ్చే వ్యాగన్ గూటిలోకి లింకును చేత్తో చూపి పిన్ను దించవలసి వచ్చేది. ఆ పనిలో వేళ్లు, చేతులు, ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఎందరో. 1893 నాటి భద్రతా చట్టం వాటంతటవే కలిసే కప్లర్లనూ పట్టుకోవడానికి కమ్మీలనూ తప్పనిసరి చేయగా, 1910 చట్టాన్ని అనుసరించి 1911లో వెలువడిన ఆదేశం ఆ కమ్మీల కొలతలను కూడా నిర్దేశించింది: మందం కనీసం 5/8 అంగుళం, కమ్మీకీ చెక్కకూ మధ్య సందు కనీసం 2 అంగుళాలు. మనిషి చెయ్యి దూరడానికి విడిచిన ఆ సందు 1:48 నమూనాలో దాదాపు ఒక మిల్లీమీటరు. గోడకు అంటుకుపోయినట్టు పోతపోసిన కమ్మీలను చెక్కివేసి, వాటి స్థానంలో సన్నని తీగను వంచి అమర్చే శ్రమకు అర్థం ఇక్కడే ఉంది.

ఈ చిన్న భాగాల తయారీకీ ఒక చరిత్ర ఉంది. తొలితరం చేతిపనివారు చెక్క, అట్ట, తీగలతో సరిపెట్టుకోగా, 20వ శతాబ్దం మధ్యకాలంలో కెమ్‌ట్రాన్ సంస్థ మైనం కరిగించి పోతపోసే పద్ధతిలో ఇత్తడి భాగాలను అందించింది. పంచలోహ విగ్రహాలు పోసేవారూ ఆదిలాబాద్ ఓజా కళాకారులూ అనుసరించే పద్ధతి మూలసూత్రం కూడా ఇదే. తర్వాత గ్రాండ్ట్ లైన్ సంస్థ నట్టు, బోల్టు, వాషరు కలిసిన ఒక్క మిల్లీమీటరు స్థాయి భాగాలను ప్లాస్టిక్‌లో పోసింది.

కొలరాడోలోని మరో నేరోగేజి మార్గం రియో గ్రాండ్ సదరన్ 1951లో మూతపడి, త్వరలోనే పట్టాలు కూడా ఊడదీయడంతో, పాత వ్యాగన్లను టేపుతో కొలిచి గీసిన పటాల విలువ పెరిగింది. 1975లో ఆరంభమైన ‘నేరోగేజ్ అండ్ షార్ట్ లైన్ గెజెట్’ పత్రిక అలాంటి పటాలను ఔత్సాహికులకు చేరవేసింది. వాటిని శ్రద్ధగా చదివినవారు ముందు సంవత్సరాన్ని నిర్ణయించుకుని, ఆ తర్వాతే తీగను చేతపడతారు: 1880ల నాటి వ్యాగన్‌కు లింకు–పిన్ను గూడు ఉండాలి, దాని పక్కన 1911 ఆదేశం ప్రకారం కమ్మీలు బిగిస్తే ఆ నమూనా ఏ సంవత్సరానికీ చెందకుండా పోతుంది.