నేల పట్టు



కిందటి వానాకాలంలో, నేనప్పుడే సబ్బునీళ్లతో కడిగిన వరండాలో మా అత్తగారు జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. "కాస్త చూసుకు నడవాల్సింది అత్తయ్యా!" అన్నాను. "నేను సరిగ్గానే అడుగేశానమ్మాయ్, నేలే నన్ను పట్టుకోలేదు" అన్నారావిడ. తప్పు కప్పిపుచ్చుకుంటున్నారనుకున్నాను. తీరా మా అబ్బాయి సైన్సు పుస్తకం తిరగేస్తే తెలిసింది, ఆవిడ చెప్పిందే నిజమని!

నడకంటే మన కాళ్ల సత్తువే అనుకుంటాం. కాలు నేలను వెనక్కి తోస్తుంది. నేల అంతే బలంతో కాలిని ముందుకు తోస్తుంది. మనల్ని నడిపించేది ఆ ఎదురుతోపే. దీన్నే చర్య, ప్రతిచర్య అంటారు. సబ్బునీళ్ల మీద కాలికి పట్టు దొరకదు. నెట్టడానికి నేల లేనట్టే, తిరిగి తోసే నేలా లేనట్టే.

ఈ సంగతి తేలడానికి రెండువేల ఏళ్లు పట్టిందంటే నమ్ముతారా? క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలోనే గ్రీసు దేశపు అరిస్టాటిల్ దీని అంచుదాకా వచ్చాడు. కదిలే ప్రాణికి ఎదురునిలిచే ఆధారం ఒకటి బయట ఉండాలన్నాడు. అది లేకనే ఇసుకలో నడక కష్టం. పడవలో ఉండి దాని కొయ్యనే ఎంత నెట్టినా పడవ కదలదు. అయితే ఆ ఎదురుతోపు ఎంత అన్న లెక్క మాత్రం ఆయన తేల్చలేదు.

ఆ తర్వాత చెప్పుకోవలసినవాడు 1608లో ఇటలీలో పుట్టిన బొరెల్లి. ఎముకలు మీటలు, కండరాలు వాటిని లాగే తాళ్లు అనుకుని లెక్క కట్టాడు. చేతిలో బరువు దాదాపు మూరెడు దూరాన ఉంటే, దాన్ని మోసే కండరం మోచేతి కీలుకు రెండు మూడు వేళ్ల దూరంలోనే ఉంటుంది. అందుకని అది బరువుకు ఎన్నో రెట్లు లాగాలి. నీళ్ల బకెట్టు దూరంగా పెట్టి వంగి ఎత్తితే నడుం పట్టేసేదీ ఇలాగే. ఆయన పుస్తకం 1680, 81లలో అచ్చయ్యేనాటికి, పాపం, ఆయన లేడు.

1687లో ఇంగ్లండులో న్యూటన్ ఆ లెక్క పూర్తిచేశాడు. చర్య ఎంతో ప్రతిచర్యా అంతే, దిశ మాత్రం ఎదురు అన్నాడు. వేలితో రాయిని నొక్కితే రాయీ వేలిని నొక్కుతుందని చూపాడు. నున్నటి గచ్చుమీద బీరువా జరపబోతే మన కాళ్లే వెనక్కి జారడం మనకూ అనుభవమే కదా!

ఇక ఫ్రాన్సులో మారే అనే శాస్త్రజ్ఞుడు, బూట్ల అడుగున గాలి అరలు అమర్చి, రబ్బరు గొట్టాలతో అడుగు ఒత్తిడిని గీతలుగా గీయించి 1873లో పుస్తకం వేశాడు. నడకలో నేల మన బరువుకన్నా కొంచెం ఎక్కువగా, పరుగులో రెండు మూడు రెట్లు తిరిగి తోస్తుందని నేటి పరికరాలు చెబుతున్నాయి.

అత్తగారి మణికట్టు అతుక్కుంది. ఇప్పుడు వరండా కడిగితే పొడిగుడ్డతో తుడిచి, ఆరాకే ఆవిణ్ణి రానిస్తున్నాను. బకెట్టు దగ్గరికి జరుపుకుని, మోకాళ్లు వంచి ఎత్తుతున్నాను. మీరూ అలా చేస్తారు కదూ? సెలవు.